రాతి ఇంట్లో పలికే ఫోను: అమ్మకు నెట్‌వర్క్ ఎంచుకున్న నా అనుభవం

ఫోను కొనేటప్పుడు మనలో చాలామంది ముందు ఫోను చూస్తాం, ఆ తర్వాత ఇంట్లో అందరూ వాడే కంపెనీ సిమ్‌నే అందులో వేస్తాం. బేతంచెర్ల దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మ విషయంలో నేను ఈ వరుసను తిరగేశాను. ఆమె కూర్చునే చోట, పడుకునే చోట, వంట చేసుకునే చోట ఏ నెట్‌వర్క్ పలుకుతుందో ముందు తేల్చుకున్నాను. దానికి తగిన ఫోను తర్వాత చూశాను. ఆ రెండూ తేలాకే నంబరును కొత్త కంపెనీకి మార్పించాను. ఊళ్లో పెద్దవాళ్లను ఉంచి హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటున్నవారికి పనికొస్తుందనే ఉద్దేశంతో ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

నాన్న పోయాక అమ్మకు ఫోనే ప్రధానమైన ఆధారమైంది. ఆమె గుండెకు మందులు వాడుతుంది. కర్నూలులోని డాక్టరు గారు ప్రతిసారీ అంత దూరం రానవసరం లేదని, మామూలు పరీక్షల ఫలితాలు వీడియో కాల్‌లోనే చూస్తున్నారు. బ్యాంకు, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ ఒకే నంబరుతో ముడిపడి ఉన్నాయి. అలాంటి నంబరుకు నేను ఫోను చేస్తే పరిధిలో లేరన్న రికార్డు వినిపించేది, కలిసినా మాట సగంలో తెగిపోయేది, లేదా ఆమె మాట నాకు వినబడుతూ నా మాట ఆమెకు చేరేది కాదు. అందువల్ల మంచి సర్వీసు అంటే మాకు ఏమిటో ముందే ఒక కాగితం మీద రాసుకున్నాను. రాత్రిపూట, తలుపులు వేసి ఉన్నప్పుడు, ఇంటి లోపల కాల్ కలవాలి. కలిసిన కాల్ తెగకూడదు. కరెంటు పోయినా ఫోను పనిచేయాలి. చెడిపోయినప్పుడు కంపెనీ తరఫున బాధ్యతగా బదులిచ్చే మనిషి ఉండాలి. డౌన్‌లోడ్ వేగం ఆ కాగితంలోకి రాలేదు, ఎందుకంటే ఆమె అవసరాల్లో అది లేదు.

లోపం ఫోనుదా, నెట్‌వర్క్‌దా, ఇంటిదా అన్నది మొదటి ప్రశ్న. మా ఇల్లు పాతకాలపు రాతి మిద్దె. గోడలు మూరెడు మందం, పైకప్పు నాపరాతి బండలు, కిటికీలు చిన్నవి. బేతంచెర్ల చుట్టుపక్కల బండకు కొదవ లేదు కాబట్టి ఆ తరం వాళ్లు ఇళ్లన్నీ ఇలాగే కట్టుకున్నారు. ఎండాకాలంలో ఎంత చల్లగా ఉంటుందో చెప్పలేను గానీ, రేడియో తరంగాలకు మాత్రం ఆ గోడలు గట్టి అడ్డం. అమ్మ సిమ్ తీసి చిన్నాయన ఫోనులో వేసి చూశాము, చిన్నాయన సిమ్‌ను అమ్మ ఫోనులో వేసి చూశాము. ఒకే ఫోనులో, ఒకే గదిలో రెండు సిమ్‌లు వేరువేరుగా పనిచేయడంతో, లోపం ప్రధానంగా నెట్‌వర్క్‌కూ ఇంటికీ మధ్య ఉందని అర్థమైంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. కొత్త ఫోను కొనే ముందు ఎవరైనా ఇది చేసి చూడాలని గట్టిగా చెబుతాను.

తెర మీద కనిపించే సిగ్నల్ గీతలను నమ్ముకోవద్దు. ఎంత సిగ్నల్ ఉంటే ఎన్ని గీతలు చూపాలన్నది ఫోను తయారుచేసిన కంపెనీ ఇష్టం. అందువల్ల ఒకే చోట ఒక ఫోను మూడు గీతలు, మరో ఫోను రెండు గీతలు చూపడం మామూలే. చాలా ఆండ్రాయిడ్ ఫోనుల సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు తెరిచి సిమ్ స్టేటస్‌లోకి వెళితే సిగ్నల్ బలం డీబీఎం లెక్కన అంకెల్లో కనిపిస్తుంది. అది మైనస్ అంకె, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. 4జీలో మైనస్ 90 దాకా హాయిగా మాట్లాడుకోవచ్చు. మైనస్ 110 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మైనస్ 120 దగ్గర కాల్ నిలవడం కష్టం. 3 డీబీ తగ్గితే సిగ్నల్ శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతు అవుతుంది. అమ్మ పాత సిమ్‌కు వీధి అరుగు మీద మైనస్ 98, పడసాలలో మైనస్ 113, వంటింట్లో మైనస్ 121 వచ్చింది. అంటే అరుగు నుంచి వంటింటికి వెళ్లేసరికి సిగ్నల్ సుమారు రెండు వందలో వంతుకు పడిపోతోంది. ఫోను మోగగానే అమ్మ అరుగు మీదికి ఎందుకు పరుగెత్తేదో ఆ అంకెలు చూశాక నాకు తెలిసింది. రాత్రిపూట, గడప దాటుతూ, మోకాళ్ల నొప్పులతో ఆమె ఆ పని చేస్తోందన్న విషయమే నన్ను ఇంత పట్టుదలగా ఇందులోకి దింపింది.

తర్వాత బ్యాండ్ల సంగతి, అంటే ఏ కంపెనీ ఏ ఫ్రీక్వెన్సీల మీద సిగ్నల్ పంపుతుందన్నది చదివాను. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలను కొంత మేలుగా దాటుతాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీవి ఎక్కువ డేటా మోయగలవు గానీ అడ్డంకుల దగ్గర త్వరగా నీరసిస్తాయి. మన దేశంలో బీఎస్ఎన్ఎల్ 4జీకి 700, 2100 మెగాహెర్ట్జ్‌ను వాడుతోంది. జియో 4జీ 850, 1800, 2300ల మీద నడుస్తుంది. ఎయిర్‌టెల్ 900, 1800, 2100, 2300లను వాడుతుంది. 5జీలో ఎక్కువగా వినిపించే 3500 మెగాహెర్ట్జ్ పట్నంలో బ్రహ్మాండమైన వేగం ఇస్తుంది గానీ, రాతి గోడ లోపల దానిమీద ఆశ పెట్టుకోలేము. అయితే ఏ కంపెనీ తన ప్రతి టవర్ మీదా అన్ని బ్యాండ్లూ పెట్టదు. మన ఊరికి దగ్గరి టవర్ మీద ఏది ఉందన్నదే ముఖ్యం. ఫోను ఏ బ్యాండు మీద ఉందో చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. అలాంటిదొకటి పెట్టుకుని చూస్తే, అమ్మ పాత సిమ్ పగలంతా 1800 మీద నిలిచి, ఇంటి లోపలికి వెళ్లగానే పట్టు కోల్పోతోందని తేలింది.

ఇక మిగతా కంపెనీల పరిశీలన. టెలికాం కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో 2జీ, 4జీ, 5జీ ఎక్కడెక్కడ అందుతుందో మ్యాపుల రూపంలో పెట్టాలి. ఆ మ్యాపులు చూశాను. మా ఊరి మీద ఒకటికి మించి కంపెనీల రంగు నిండుగా ఉంది. మ్యాపు ఊరి సంగతి చెబుతుందే గానీ ఇంటి లోపలి సంగతి చెప్పదు. అలాగే కాల్ డ్రాప్, అంటే మధ్యలో తెగిపోయే కాల్స్, 2 శాతం మించకూడదన్న ప్రమాణం ఉంది గానీ, కంపెనీల పనితీరును సాధారణంగా సర్కిల్ (టెలికాం సేవలకు విభజించిన ప్రాంతం) మొత్తం సగటుగా చూస్తారు. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఇప్పటికీ ఒకే సర్కిల్. ఆదిలాబాదు నుంచి చిత్తూరు దాకా తీసిన సగటు మా వీధిలోని ఆఖరి ఇంటికి ఏం చెబుతుంది? హైదరాబాదులో నా ఫ్లాటులో ఏ కంపెనీ బాగుందన్నదీ అంతే అప్రస్తుతం.

కాబట్టి నంబరు మార్చకుండా, పోటీలో ఉన్న కంపెనీల సిమ్‌లను తక్కువ ధర ప్లానుతో నా పేరిట కొత్తగా తీసుకున్నాను. ఒక మనిషి పేరిట 9 కనెక్షన్ల దాకా ఉండవచ్చు కాబట్టి ఇందులో అడ్డేమీ లేదు. రెండు సిమ్‌ల ఫోనులో ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ వేసి, అరుగు, పడసాల, అమ్మ మంచం, వంటిల్లు, ఈ నాలుగు చోట్లా అంకెలు రాసుకున్నాను. ఒకే ఫోనులో రెండు సిమ్‌లను పక్కపక్కన చూడడం వల్ల ఫోనులో తేడా అన్న అనుమానం పోతుంది. వేళలు కూడా మార్చి చూడాలి. తెల్లవారుజామున అద్భుతంగా ఉన్న ఒక నెట్‌వర్క్ సాయంత్రం ఏడు దాటాక, ఊరంతా ఫోనుల్లో వీడియోలు చూసే వేళకు, సిగ్నల్ అంకె ఏమీ తగ్గకుండానే నత్తనడక నడిచింది. బలం ఉండడం ఒకటి, అందరికీ పంచాక మన వాటాకు మిగలడం మరొకటి.

అన్నిటికన్నా విలువైన సమాచారం చిన్నాయన దగ్గర దొరికింది. కరెంటు పోయిన గంటకో గంటన్నరకో ఫలానా టవర్ కూడా పడుకుంటుందని, ఇంకోటి మాత్రం రాత్రంతా నిలబడుతుందని ఆయన చెప్పారు. టవర్ దగ్గర బ్యాటరీలు ఎంత గట్టివి, జనరేటర్‌కు డీజిల్ సమయానికి పోస్తున్నారా లేదా అన్నవాటి మీద ఇది ఆధారపడి ఉంటుంది. ఏ మ్యాపులోనూ ఈ వివరం ఉండదు. గాలివానకు కరెంటు పోయిన ఒక రాత్రి నేను అక్కడే ఉండి చూశాను. ఆయన చెప్పినట్లే ఒక సిమ్‌లో గీతలన్నీ పోయాయి, మరొక సిమ్‌తో నేను హైదరాబాదుకు మామూలుగా మాట్లాడాను. నా నిర్ణయంలో సగానికి సగం ఆ రాత్రే జరిగిపోయింది.

పాత కంపెనీని వదిలేముందు వారికి ఒక అవకాశం ఇవ్వడం న్యాయమని అనిపించింది, ఫిర్యాదు చేస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవాలని కూడా ఉంది. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోను చేసి ఇంటి లోపలి అంకెలతో సహా వివరంగా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. కొన్ని రోజులకు మీ సమస్య పరిష్కరించామని ఒక మెసేజ్ వచ్చింది. ఇంట్లో మాత్రం అంకె మారలేదు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, ఆగకూడదు. ఫిర్యాదుపై వచ్చిన సమాధానం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు. వారు 39 రోజుల్లోగా తేల్చాలని 2012 నాటి ట్రాయ్ నిబంధనలు చెబుతున్నాయి. అప్పీలు వేశాక ఒక ఇంజనీరు ఫోను చేసి, మర్యాదగా, దాపరికం లేకుండా మాట్లాడారు. ఆ టవర్ యాంటెన్నాలు రోడ్డు వైపు తిప్పి ఉన్నాయని, మా వీధి పక్కకు పడిందని, కొత్త టవర్ వచ్చేదాకా మార్పు ఉండదని చెప్పారు. ఆ నిజం మొదటి మెసేజ్‌లోనే చెప్పి ఉంటే ఎంత గౌరవంగా ఉండేది! పరిష్కారం లేదన్న మాటను నేను అంగీకరించగలను, పరిష్కరించకుండానే పరిష్కరించామని రాయడాన్ని మాత్రం అంగీకరించలేను.

చివరికి ఎంచుకున్న కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. అది మా ఇంట్లో గెలిచింది. మీ ఇంట్లో అదే ఓడిపోవచ్చు. పడసాలలో మైనస్ 101, మంచం దగ్గర మైనస్ 104 చూపిన నెట్‌వర్క్ అది. కరెంటు పోయిన రాత్రి నిలబడింది కూడా అదే.

నెట్‌వర్క్ తేలాక ఫోను ఎంపిక చాలా తేలికైంది. ఆ కంపెనీ మా ఊళ్లో వాడుతున్న తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండు ఫోనులో ఉండి తీరాలి. 700 అయితే బ్యాండ్ 28, 850 అయితే బ్యాండ్ 5, 900 అయితే బ్యాండ్ 8. ఫోను కంపెనీ వెబ్‌సైటులో సాంకేతిక వివరాల అడుగున ఈ నంబర్లు ఉంటాయి. అమెరికాలో ఉన్న మా అన్న తన పాత ఐఫోను పంపుతానన్నాడు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 సిరీస్ నుంచి సిమ్ పెట్టే అరే లేదు, అన్నీ ఫోను లోపలే ఉండి, బయటికి తీయడానికి వీల్లేని ఈ-సిమ్‌లే. ఏదైనా తేడా వస్తే సిమ్ తీసి పక్కింటి ఫోనులో వేసుకునే వీలు అమ్మకు ఉండాలని నా అభిప్రాయం కాబట్టి వద్దన్నాను. విదేశాల్లో కొన్న కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మన కంపెనీల వోల్టీ (4జీ మీదుగా మామూలు కాల్స్ చేసే సౌకర్యం) పనిచేయకపోవచ్చు, ఇక్కడి బ్యాండ్లు కొన్ని లేకపోవచ్చు. జియోకు 2జీ లేదు కాబట్టి వోల్టీ లేని ఫోనులో ఆ సిమ్‌తో మామూలు కాల్ చేయడమే కుదరదు.

కర్నూలు దుకాణంలో కుర్రవాడు కెమెరా మెగాపిక్సెళ్ల గురించి, ర్యామ్ గురించి ఉత్సాహంగా చెప్పాడు. నేను అతనిని మూడు విషయాలే అడిగాను. వైఫై కాలింగ్ (ఇంటి ఇంటర్నెట్ మీదుగా మామూలు కాల్ వెళ్లే సౌకర్యం) ఉందా, బ్యాటరీ పాడైతే నంద్యాలలోనో కర్నూలులోనో కంపెనీ సర్వీసు సెంటరులో మార్చి ఇస్తారా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి? తర్వాత అమ్మ సిమ్ వేసి, దుకాణం బయట లారీలు పోతున్న రోడ్డు పక్కన నిలబడి, నాకు ఫోను చేయమన్నాను. నా మాట ఆమెకు స్పష్టంగా వినిపించిన ఫోనునే తీసుకున్నాము. అమ్మకు కాస్త వినికిడి తగ్గింది, కాబట్టి మా లెక్కలో స్పీకరు కెమెరా కన్నా పెద్దది. డబ్బు కట్టేముందు *#06# డయల్ చేస్తే వచ్చే ఐఎంఈఐ నంబరును, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరును, డబ్బా మీది నంబరుతో సరిచూసి, కేవైఎం అన్న మూడు ఇంగ్లీషు అక్షరాల తర్వాత ఆ నంబరు కొట్టి 14422కు మెసేజ్ పంపాను. అది అసలైన నంబరేనని బదులు వచ్చింది. పాత ఫోను కొనేవారికి ఈ మెసేజ్ మరీ అవసరం.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావలసివచ్చింది నంబరు మార్పిడికి, దానికి కారణం సాంకేతికం కాదు. అమ్మ ఏళ్ల తరబడి వాడుతున్న నంబరు నాన్న పేరిట ఉంది. మన ఇళ్లలో చాలా నంబర్లు ఇలాగే ఇంటాయన పేరిటో కొడుకు పేరిటో ఉంటాయి. పోర్టింగ్‌కు, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారడానికి, నంబరు ఎవరి పేరిట ఉందో ఆ మనిషే వేలిముద్ర వేయాలి. అందువల్ల ముందు నంబరును అమ్మ పేరిటకు బదిలీ చేయించాము. నాన్న మరణ ధ్రువీకరణ పత్రం, అమ్మ ఆధార్, మాకు అభ్యంతరం లేదని అన్నదమ్ములిద్దరం సంతకం చేసిన కాగితం ఇచ్చాము. బదిలీ పూర్తయ్యేవరకూ పోర్టింగ్ కోడ్ రాదు. ఆ పనిలో భాగంగా సిమ్ కూడా మారితే ఇంకో 7 రోజులు ఆగాలి. ఒకరి నంబరును మోసంతో వేరే సిమ్‌లోకి మార్చి, వెంటనే వేరే కంపెనీకి తరలించే నేరాలను ఆపడానికి 2024 జూలై 1 నుంచి ఈ నియమం అమల్లోకి వచ్చింది. అది మాకూ వర్తించింది, ఆగాము. మీ ఇంట్లో నంబర్లు ఎవరి పేరిట ఉన్నాయో పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసి సరిచేసుకోండి. దుఃఖంలో ఉన్న మనిషిని ఆ కాగితాలతో కౌంటరు ముందు నిలబెట్టడం నాకు ఎంత మాత్రమూ ఇష్టం లేకపోయింది.

ఆ తర్వాతి పని సాఫీగా సాగింది. పోర్ట్ అన్న ఇంగ్లీషు మాట, ఒక ఖాళీ, పది అంకెల నంబరు కొట్టి 1900కు మెసేజ్ పంపగానే ఎనిమిది అక్షరాల కోడ్ వచ్చింది. అది మన సర్కిల్‌లో 4 రోజులు చెల్లుతుంది. కొత్త కంపెనీ దుకాణంలో ఆ కోడ్, అమ్మ ఆధార్, వేలిముద్ర తీసుకుని కొత్త సిమ్ ఇచ్చారు. 2019 డిసెంబరులో మారిన నియమాల ప్రకారం ఒకే సర్కిల్‌లో మార్పిడి 3 పనిదినాల్లో అయిపోవాలి, మాకు ఆ గడువులోనే అయింది. పాత సిమ్‌లో మిగిలిన ప్రీపెయిడ్ బ్యాలెన్సు కొత్తదానికి రాదు కాబట్టి ప్లాను అయిపోవచ్చే రోజులు చూసుకుని మొదలుపెట్టాము. ఒకసారి మారాక 90 రోజుల దాకా మళ్లీ మారడానికి వీలుండదు. అందుకే ముందుగా అంత పరీక్ష అవసరం. బ్యాంకు పనులు ఏవైనా ఉంటే మార్పిడికి ముందే ముగించుకోవడం మంచిది, ఎందుకంటే సిమ్ మారే రాత్రి కొన్ని గంటలు నంబరు మూగబోతుంది.

ఇంత చేసినా వంటింట్లో మైనస్ 115కు మించి రాలేదు. బంధువులొకరు ఆన్‌లైన్లో దొరికే సిగ్నల్ బూస్టరు పెట్టమన్నారు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం, పైగా అవి చుట్టుపక్కల ఇళ్ల సిగ్నల్‌ను పాడుచేస్తాయి. ఒక ఇంటికి మేలు చేయబోయి వీధిని ఇబ్బంది పెట్టడం నాకు సమ్మతం కాదు. దానికి బదులు ఊరిలోకి వచ్చిన ఫైబర్ లైను తీసుకుని, పడసాలకూ వంటింటికీ మధ్య ద్వారబంధం పైన రౌటరు బిగించి, ఫోనులో వైఫై కాలింగ్ ఆన్ చేశాము. ఇప్పుడు వంటింట్లో ఉన్నప్పుడు కాల్ టవర్‌తో పని లేకుండా ఫైబర్ మీదుగా పోతుంది, నంబరు అదే, వేరే యాప్ అక్కరలేదు. కరెంటు పోతే రౌటరు ఆగకుండా ఒక చిన్న యూపీఎస్ కలిపాము.

రెండో సిమ్ అరలో, పరీక్షల్లో రెండో స్థానంలో నిలిచిన కంపెనీ సిమ్‌ను అమ్మ పేరిట తీసుకుని ఉంచాము. డేటా అక్కరలేనివారి కోసం కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు కూడా ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అలాంటి ప్లానే దానికి వేశాము. ఆ నంబరును కర్నూలు డాక్టరు గారి దగ్గర, చిన్నాయన ఫోనులో, నా ఫోనులో అమ్మ రెండో నంబరుగా రాసిపెట్టాము. దాని రీఛార్జి తేదీని నేనూ అన్నా ఇద్దరం మా ఫోన్ల క్యాలెండర్లలో పెట్టుకున్నాము.